నిషాదుడు కనిపించని శోకం: యువనటుడి ఆకస్మిక మరణం – ప్రజాస్పందన స్వరూపం

వ్యాససంగ్రహం:
హిందీ నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ 2020 జూన్ 14న మరణించిన తరువాత వ్యక్తమైన ప్రజాస్పందన శోకంతో మొదలై, కొద్ది రోజుల్లోనే ఆరోపణగా, ఆపై దోషి కోసం అన్వేషణగా మారింది. ఈ పరిణామానికి దారితీసిన కారణాలను అలంకారశాస్త్రంలోని కరుణ, రౌద్ర రసాల చర్చ ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉదయ్ కిరణ్ (2014), పునీత్ రాజ్‌కుమార్ (2021) మరణాలపై వచ్చిన స్పందనలను పోలిక కోసం స్వీకరించడమైంది.

కీలకపదాలు: అకాలమరణం, కరుణరసం, రౌద్రరసం, క్రౌంచవధ, అభిమానం, ప్రసారమాధ్యమాలు, అనుమానాస్పద మృతి.

1. ఉపోద్ఘాతం

సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ 1986 జనవరి 21న పాట్నాలో జన్మించాడు. ఢిల్లీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతూ మధ్యలో మాని నటనవైపు వచ్చాడు. 2009లో ప్రారంభమైన ‘పవిత్ర రిష్తా’ ధారావాహికతో ఇంటింటికీ తెలిసినవాడయ్యాడు. 2013లో ‘కై పో ఛే’తో వెండితెరపై అడుగుపెట్టాడు. తెలుగు ప్రేక్షకుల్లో అధికభాగానికి ఆయన 2016లో వచ్చిన ‘ఎం.ఎస్. ధోనీ’ చిత్రం ద్వారానే పరిచయం. ముంబయిలోని బాంద్రాలో తన నివాసంలో మరణించేనాటికి ఆయన వయస్సు 34 ఏళ్ళు. ఆత్మహత్యగా పోలీసులు ప్రాథమికంగా నిర్ధారించారు.

తరువాతి నాలుగు నెలల పాటు దేశంలో ఆ మరణం గురించి మాట్లాడని వార్తాఛానెల్ దాదాపు లేదు. రెండు రాష్ట్రాల పోలీసులు, మూడు కేంద్ర దర్యాప్తు సంస్థలు, సర్వోన్నత న్యాయస్థానం, ఒక రాష్ట్ర శాసనసభ ఎన్నికలు ఆ మరణంతో ముడిపడ్డాయి. జాతీయ నేరగణాంక సంస్థ లెక్కల ప్రకారం ఆ సంవత్సరం దేశంలో 1,53,052 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో ఒక్కరి మరణం ఇంతటి స్పందనను రేపడానికి నటుడి ప్రఖ్యాతి ఒక్కటే కారణమని చెప్పడం సులభం. కానీ ఆయనకంటే ఎంతో ప్రఖ్యాతులైన నటులు మరణించినప్పుడు సైతం స్పందన ఈ రూపం తీసుకోలేదు. కాబట్టి ఆలోచించవలసింది స్పందన పరిమాణం గురించి కంటే దాని స్వభావం గురించి.

2. పరిచయం లేని ఆత్మీయుడు

నటుడి మరణానికి ప్రేక్షకుడు దుఃఖించడం వింత కాదు. ధారావాహిక నటుడి విషయంలో ఈ సంబంధం మరింత గాఢమైనది. సినిమాకు మనం వెళతాం, ధారావాహిక మన ఇంటికి వస్తుంది. రోజూ రాత్రి భోజనవేళకు ఇంట్లో కనిపించే ముఖం బంధువుల ముఖాల వరుసలో చేరిపోతుంది. సుశాంత్ విషయంలో ఈ బంధుత్వానికి మరొక పొర కూడా తోడైంది. ఆయన ధరించిన ముఖ్యపాత్రలు ఆయన జీవితానికి చాలా దగ్గరగా కనిపించేవి. రాంచీ నుంచి వచ్చి, ఖరగ్‌పూర్ రైల్వేస్టేషనులో టిక్కెట్లు తనిఖీ చేసి, చివరకు ప్రపంచకప్పు ఎత్తిన క్రీడాకారుడి కథను ప్రేక్షకుడు పాట్నా నుంచి వచ్చిన నటుడి కథగా కూడా చూశాడు. ఏ అండా లేకుండా పైకి వచ్చిన యువకుడు అనే భావన ఆ విధంగా పాత్రనుంచి నటుడికి సంక్రమించింది.

2019 సెప్టెంబరులో విడుదలైన ‘ఛిఛోరే’లో ఆయనది ఒక తండ్రి పాత్ర. ప్రవేశపరీక్షలో తప్పి ఆత్మహత్యకు ప్రయత్నించిన కొడుకుకు, ఓటమి జీవితానికి ముగింపు కాదని తన కళాశాల రోజుల కథ చెప్పి నమ్మకం కలిగించే పాత్ర. పది నెలలు తిరగకుండానే ఆ నటుడే ఆ విధంగా మరణించాడన్న వార్త ప్రేక్షకుడికి నమ్మశక్యం కాలేదు. ఇక్కడ ‘నమ్మశక్యం కాకపోవడం’ అలంకారప్రాయమైన మాట కాదు. తెరమీది తండ్రి చెప్పిన మాటకూ, వచ్చిన వార్తకూ మధ్య పొంతన లేకపోవడమే తరువాత వచ్చిన ‘ఇది ఆత్మహత్య కాదు’ అన్న వాదానికి తొలి విత్తనం. పాత్ర చెప్పినదాన్ని సాక్ష్యంగా స్వీకరించి, వార్తను అబద్ధమని తీర్మానించడం జరిగింది.

3. పరామర్శకు వీలులేని కాలం

మరణం సంభవించిన ఇంటికి నలుగురూ వెళ్ళడం, కాసేపు కూర్చోవడం, శవయాత్రలో నాలుగడుగులు నడవడం, పదోరోజున మళ్ళీ కలవడం మన సమాజంలో దుఃఖానికి ఏర్పడిన మార్గాలు. పరామర్శకు వెళ్ళినవారు చెప్పే మాటల్లో కొత్తదనం ఏమీ ఉండదు. వెళ్ళడంలోనే దాని ప్రయోజనం ఉంది. ప్రఖ్యాతుల మరణాల్లో భౌతికకాయాన్ని ప్రజల సందర్శనార్థం ఉంచడం ఈ ఆచారానికే విస్తృతరూపం. వరుసలో గంటలపాటు నిలబడి, క్షణకాలం చూసి, ముందుకు కదిలిన అభిమాని తన వంతు పని పూర్తిచేసుకుని ఇంటికి వెళతాడు.

2020 జూన్‌లో ఇదేదీ సాధ్యం కాలేదు. కరోనా నిబంధనల ప్రకారం అంత్యక్రియలకు 20 మందికి మించి హాజరు కాకూడదు. జూన్ 15న వర్షంలో, ముంబయిలోని విలేపార్లేలో కొద్దిమంది సమక్షంలో అంత్యక్రియలు ముగిశాయి. కోట్లాది అభిమానులు తలుపులు మూసిన ఇళ్ళలో ఉన్నారు. వారి చేతిలో ఉన్నది ఫోను మాత్రమే. దుఃఖించే చేతులకు వేరే పని లేనప్పుడు ఆ ఫోను మీద చేయగలిగిన పనులే సంతాపక్రియలయ్యాయి.

ఈ మాటకు ఆ వేసవిలోనే రెండు స్పష్టమైన ఉదాహరణలు ఉన్నాయి. జూలై 24న ఆయన చివరి చిత్రం ‘దిల్ బేచారా’ హాట్‌స్టార్‌లో చందా లేనివారికి సైతం ఉచితంగా విడుదలైంది. క్యాన్సర్‌తో బాధపడే ఇద్దరు యువతీయువకుల కథ అది. నాయకుడు తన సంతాపసభలో మాట్లాడబోయే మాటలను తాను బ్రతికుండగానే స్నేహితులచేత చెప్పించుకుని వింటాడు. వేలాది ఇళ్ళలో ఒకే సాయంత్రం ఆ సన్నివేశాన్ని చూసినవారు జరగని సంతాపసభకు హాజరైనట్లే భావించి ఉంటారు. కొద్ది గంటల్లోనే ఐఎమ్‌డీబీలో ఆ చిత్రానికి దాదాపు పదికి పది అంకం వచ్చింది. అది చిత్రానికి వేసిన మార్కు కాదు, వేసిన పువ్వు. రెండవ ఉదాహరణ ఆగస్టు 12న విడుదలైన ‘సడక్ 2’ ప్రచారచిత్రం. సినీ కుటుంబాల వారసులు ఉన్న చిత్రమన్న కారణంతో దానికి యూట్యూబ్‌లో ‘నచ్చలేదు’ అనే గుర్తులు కోటికి మించి పడ్డాయి. మూడు వారాల వ్యవధిలో అదే బొటనవేలు ఒకచోట పువ్వు వేసింది, మరొకచోట రాయి విసిరింది.

4. కరుణం నుంచి రౌద్రానికి

ఈ మార్పును వివరించడానికి అలంకారశాస్త్రం ఉపకరిస్తుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. రసం కావ్యనాట్యాలకు సంబంధించినది, శోకక్రోధాలు లోకంలో కలిగే భావాలు. లోకంలో కలిగిన దుఃఖాన్ని నేరుగా కరుణరసమని అనడం శాస్త్రసమ్మతం కాదు. కానీ నటుడి మరణం ఈ రెండింటి సరిహద్దులో నిలుస్తుంది. ప్రేక్షకుడికి ఆ మనిషితో ఉన్న సంబంధమంతా రసం ద్వారా ఏర్పడినదే, మరణం మాత్రం లోకంలో జరిగింది. అందువల్ల రసచర్చలోని భేదాలు ఇక్కడ పనికివస్తాయి.

భరతుడు కరుణానికీ, విప్రలంభశృంగారానికీ మధ్య ఒక సూక్ష్మమైన భేదం చూపాడు. రెండింటిలోనూ వియోగదుఃఖం ఉంది. కానీ కరుణం నిరపేక్షం, అంటే ఇక ఎదురుచూడదగినది ఏదీ లేనిది. విప్రలంభం సాపేక్షం, అంటే పునస్సమాగమాన్ని ఆశించేది. మరణవార్త విన్న మొదటి రోజుల్లోని దుఃఖం నిరపేక్షమైనది. ‘సుశాంత్‌కు న్యాయం’ అన్న నినాదం వచ్చినప్పటినుంచి ఆ దుఃఖానికి ఒక అపేక్ష ఏర్పడింది. మనిషి తిరిగిరాడు, కానీ తీర్పు వస్తుంది. దర్యాప్తు, విచారణ, అరెస్టు అనే ఎదురుచూపులు ఉన్నంతకాలం చనిపోయినవాడితో సంబంధం పూర్తిగా తెగిపోదు. ఉద్యమంలో పాల్గొన్నవారిలో చాలామంది నిజాయితీపరులనడంలో సందేహం లేదు. వారిని కదిలించినది ద్వేషం కాదు, ఆ సంబంధాన్ని వదులుకోలేకపోవడమే.

రౌద్రానికి భరతుడు చెప్పిన విభావాల్లో అధిక్షేపం, అనృతవచనం, వాక్పారుష్యం, అభిద్రోహం, మాత్సర్యం ఉన్నాయి. శోకం క్రోధంగా మారడానికి ద్రోహం జరిగిందన్న ఊహ చాలు. ఈ పరివర్తనకు మన సాహిత్యంలో ఆదిమోదాహరణ క్రౌంచవధ ఘట్టం. తమసాతీరంలో క్రౌంచమిథునంలో ఒకదాన్ని వేటగాడు కొట్టగా, వాల్మీకి శోకం శాపవాక్యంగా వెలువడింది. ఆ శోకం మునికి వ్యక్తిగతమైనదిగా భావించరాదని అభినవగుప్తుడు లోచనవ్యాఖ్యలో హెచ్చరించాడు. ఆ హెచ్చరికను గౌరవిస్తూనే ప్రస్తుతానికి రెండు విషయాలను గమనించవచ్చు. మొదటిది, అక్కడ నిషాదుడు కళ్ళెదుట ఉన్నాడు, శాపానికి గురి స్పష్టం. రెండవది, శాపం పలికిన మరుక్షణమే ముని తాను ఏమి పలికానని తనలో తాను వితర్కించుకున్నాడు. 2020లో నిషాదుడు కనిపించలేదు, వితర్కానికి విరామమూ దొరకలేదు.

5. నిషాదుని అన్వేషణ

తొలి అన్వేషణ హిందీ చిత్రపరిశ్రమవైపు సాగింది. వారసులే రాజ్యమేలే చోట బయటినుంచి వచ్చినవాడిని నిలవనీయలేదన్న ఆరోపణ మరణానంతరం ఒకటి రెండు రోజుల్లోనే బలపడింది. ఇది పూర్తిగా నిరాధారమైన చర్చ కాదు. వారసత్వం పరిశ్రమలో అవకాశాలను నిర్ణయిస్తున్నదన్నది అంతకుముందునుంచీ ఉన్న విమర్శే. కానీ ఒక వ్యవస్థపై విమర్శకు రూపం చాలదు, శాపానికి ముఖం కావాలి. ప్రఖ్యాత దర్శకనిర్మాతలపైనా, నటులపైనా బీహారులోని ముజఫర్‌పూర్ న్యాయస్థానంలో ఒక న్యాయవాది ఫిర్యాదు చేశాడు. తన పరిధిలోకి రాదని ఆ న్యాయస్థానం దాన్ని తోసిపుచ్చింది.

జూలై 25న సుశాంత్ తండ్రి పాట్నాలో చేసిన ఫిర్యాదుతో అన్వేషణ దిశ మారింది. ఆరోపణ ఆయన స్నేహితురాలైన నటి రియా చక్రవర్తిపైకి మళ్ళింది. ఆమె తొలిచిత్రం 2012లో వచ్చిన తెలుగు చిత్రం ‘తూనీగ తూనీగ’. ఆమె గురించి ఆ రోజుల్లో వాడిన భాష ప్రత్యేక పరిశీలనకు తగినది. ధనం కాజేసిందన్న ఆరోపణకు చేతబడి చేసిందన్న మాట తోడైంది, అక్కడినుంచి అది బెంగాలీ స్త్రీలందరిపై నిందగా విస్తరించింది. మన పల్లెల్లో వరుస మరణాలకు కారణం తెలియనప్పుడు ఒంటరి స్త్రీని చేతబడి చేసేదానిగా ముద్రవేసి కొట్టిన సంఘటనలకూ, దీనికీ నిర్మాణంలో తేడా లేదు. మైదానం బదులు తెర వచ్చింది, అంతే.

దర్యాప్తు చరిత్ర క్లుప్తంగా ఇది. ఆగస్టు 19న సర్వోన్నత న్యాయస్థానం కేసును సీబీఐకి అప్పగించడాన్ని సమర్థించింది. సెప్టెంబరు 8న మాదకద్రవ్య నియంత్రణ సంస్థ రియాను అరెస్టు చేసింది. ఆ అరెస్టు మాదకద్రవ్యాల కేసులో జరిగిందే తప్ప మరణానికి కారకురాలన్న ఆరోపణపై కాదు, అయినా చూపరులకు రెండూ ఒకటే అయ్యాయి. అక్టోబరు ఆరంభంలో అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ వైద్యబృందం హత్య అన్న అనుమానాన్ని తోసిపుచ్చింది. అక్టోబరు 7న బొంబాయి హైకోర్టు ఆమెకు బెయిలు మంజూరు చేసింది. ఈలోగా బీహారు శాసనసభ ఎన్నికలు దగ్గరపడ్డాయి, సుశాంత్ చిత్రంతో ఎన్నికల ప్రచారసామగ్రి సైతం వెలువడింది. తెలుగునాట సినీ అభిమానం రాజకీయబలంగా మారడం కొత్త కాకపోయినా, ఇక్కడ ఓటుకు ఆసరాగా నిలిచినది నటుడి జనాదరణ కాదు, అతని మృతి చుట్టూ అల్లుకున్న అనుమానం.

ప్రసారమాధ్యమాల పాత్రపై బొంబాయి హైకోర్టు 2021 జనవరి 18న ఇచ్చిన తీర్పు ఈ అంశంపై అధ్యయనం చేసేవారికి ముఖ్యమైన ఆధారం. దర్యాప్తు దశలో మాధ్యమాలు నడిపే విచారణ న్యాయప్రక్రియకు ఆటంకమని, రెండు ఆంగ్ల ఛానెళ్ళ ప్రసారాలు ప్రాథమికంగా న్యాయస్థాన ధిక్కార స్వభావం కలవని న్యాయస్థానం అభిప్రాయపడింది. ఆత్మహత్యావార్తలపై భారతీయ పత్రికామండలి 2019లో పత్రికలకు ఇచ్చిన మార్గదర్శకాలను ఛానెళ్ళు కూడా పాటించాలన్నది. ఒక ప్రధాన హిందీ ఛానెల్ సుశాంత్ రాసినవంటూ అతడు రాయని ట్వీట్లను చూపినందుకు వార్తాప్రసార ప్రమాణాల సంస్థ అంతకుముందే లక్ష రూపాయల జరిమానా విధించింది. కోట్ల ప్రకటనల వ్యాపారంలో లక్ష రూపాయల విలువ ఎంతో చెప్పనవసరం లేదు.

6. ఉదయ్ కిరణ్ జ్ఞాపకం

సుశాంత్ మరణించిన రోజుల్లో తెలుగు సామాజిక మాధ్యమాల్లో మరొక పేరు తిరిగి వినిపించింది. ‘చిత్రం’ (2000), ‘నువ్వు నేను’ (2001), ‘మనసంతా నువ్వే’ (2001) వరుస విజయాలతో యువతకు ఆరాధ్యుడైన ఉదయ్ కిరణ్ 2014 జనవరి 5న, 33 ఏళ్ళ వయస్సులో, హైదరాబాదులో ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పుడూ పరిశ్రమలో అండలేనివాడి పరిస్థితిపై చర్చ జరిగింది. అప్పుడూ పేర్లు చెప్పని ఆరోపణలు వచ్చాయి. కానీ అది దేశవ్యాప్త ఉద్యమం కాలేదు. ఫోనులో చవక అంతర్జాలం అప్పటికి ఇంటింటికీ చేరలేదు. అంతిమదర్శనానికి అభిమానులు వెళ్ళగలిగారు. చర్చ కొన్నాళ్ళకు సద్దుమణిగింది. సద్దుమణగడమంటే తీరిపోవడం కాదని ఆరేళ్ళ తరువాత ఆ పేరు తిరిగి రావడమే చెబుతుంది. తెలుగు ప్రేక్షకుడు సుశాంత్ వార్తను పరాయి భాషానటుడి వార్తగా చదవలేదు, తనకు అంతకుముందే తెలిసిన కథకు మరో ప్రతిగా చదివాడు.

7. చేతులకు పని దొరికిన సందర్భం

2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళ వయస్సులో గుండెపోటుతో బెంగళూరులో మరణించాడు. ఆయన కథానాయకుడిగా పరిచయమైన ‘అప్పు’ (2002) చిత్రానికి దర్శకుడు పూరి జగన్నాథ్. అదే కథ అదే ఏడాది తెలుగులో ‘ఇడియట్’ అయింది. మరణం అంతే ఆకస్మికం, శోకం అంతకంటే అధికం. 2006 ఏప్రిల్‌లో ఆయన తండ్రి డాక్టర్ రాజ్‌కుమార్ మరణించినప్పుడు బెంగళూరులో చెలరేగిన హింసలో ఒక పోలీసు సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఈసారి అటువంటి హింస జరగలేదు.

దీనికి పోలీసు ఏర్పాట్లు ఒక కారణం. మరొకటి, కంఠీరవ మైదానంలో లక్షలాది మందికి అంతిమదర్శనం లభించింది. అంతకంటే ముఖ్యమైనది మూడవది. మరణించిన వెంటనే కుటుంబం ఆయన కళ్ళను దానం చేసింది. నారాయణ నేత్రాలయ వైద్యులు కార్నియా ముందుపొరను, వెనుకపొరను వేరుచేసి, రెండు కళ్ళతో నలుగురికి చూపునిచ్చారు. రాజ్‌కుమార్, పార్వతమ్మ దంపతుల నేత్రాలు కూడా అంతకుముందు దానమైనవే. ఆ తరువాత కర్ణాటకలో నేత్రదానానికి పేర్లు నమోదు చేసుకున్నవారి సంఖ్య అసాధారణంగా పెరిగింది. జయదేవ హృద్రోగ సంస్థ ముందు గుండెపరీక్షల కోసం యువకులు బారులు తీరారు. ఆ పరీక్షల్లో భయం పాలు ఎక్కువే, వైద్యులు ఆందోళన వద్దని చెప్పవలసి వచ్చింది. కొందరు అభిమానులు ప్రాణాలు తీసుకున్నారు, అటువంటి పని చేయవద్దని కుటుంబసభ్యులు వేడుకున్నారు. కనుక దీన్ని ఆదర్శచిత్రంగా చూపడం సరికాదు. అయినా ఇక్కడ శోకానికి చేయదగిన పని ఒకటి దొరికింది. మరణకారణం తెలిసి ఉండటం వల్ల నిషాదుని అవసరం కలగలేదు.

ఆత్మహత్య విషయంలో ఆ సౌలభ్యం లేదు. కారణం ఎప్పటికీ సంపూర్ణంగా తెలియదు. ఒకే కారణాన్ని చూపవద్దని, విధానాన్ని వర్ణించవద్దని, సహాయం లభించే చోటు చెప్పాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ మాధ్యమాలకు సూచించడం వెనుక ఈ అవగాహన ఉంది. ఆ చివరి సూచనను అనుసరించి, మానసికవేదనలో ఉన్నవారికి ప్రభుత్వ ఉచిత సేవ ‘టెలి మానస్’ 14416 సంఖ్యలో తెలుగులోనూ లభిస్తున్నదని ఇక్కడ చెప్పడం సముచితం.

8. ‘అనుమానాస్పద మృతి’ అనే మాట

తెలుగు వార్తాభాషలో ఇటువంటి మరణాలకు వాడే పదాలను విడిగా పరిశీలించవలసి ఉంది. అకాలమరణం, అపమృత్యువు, దుర్మరణం, బలవన్మరణం అన్న మాటల్లో మొదటిది కాలాన్ని, రెండవది అశుభాన్ని, మూడవది మరణించిన తీరును సూచిస్తాయి. ‘బలవన్మరణం’ ఆత్మహత్యకు పర్యాయంగా స్థిరపడినా, బలవంతం ఎవరిదన్న ప్రశ్న ఆ సమాసంలోనే దాగి ఉంది. వీటన్నిటికంటే చిక్కు కలిగించేది ‘అనుమానాస్పద మృతి’. 2024 వరకు అమలులో ఉన్న దండప్రక్రియాస్మృతి 174వ సెక్షను కింద పోలీసులు జరిపిన విచారణకు ఇది వ్యవహారనామం. సహజం కాని మరణం జరిగినప్పుడు కారణం తెలుసుకోవడానికి జరిపే పరిమిత విచారణ అది. ఎవరిమీదా అనుమానం ఉన్నదని దాని అర్థం కాదు. ముంబయి పోలీసులు జరుపుతున్నది ఈ సెక్షను కింది పరిమిత విచారణేనని సర్వోన్నత న్యాయస్థానం తన ఆగస్టు తీర్పులో గుర్తించింది. కానీ శీర్షికలో ‘అనుమానాస్పద మృతి’ అని చదివిన పాఠకుడికి ‘అనుమానం’ అన్న మాట తగులుతుంది. అనుమానం ఉంటే అనుమానితుడు ఉండాలి, అనుమానితుడు ఉంటే అతనికి పేరు ఉండాలి. ఒక కార్యాలయ పరిభాష శీర్షికలోకి ఎక్కి ఆరోపణగా మారే క్రమం ఇది. ‘సహజేతర మరణం’ వంటి తటస్థపదం వాడుకలోకి రావడానికి అడ్డంకి ఏదీ లేదు.

సీబీఐ తన ముగింపు నివేదికను 2025 మార్చిలో న్యాయస్థానానికి సమర్పించింది. హత్య జరిగినట్లు గాని, ఎవరైనా ఆత్మహత్యకు పురికొల్పినట్లు గాని ఆధారాలు లేవన్నది దాని సారాంశం. అప్పటికి నాలుగేళ్ళ తొమ్మిది నెలలు గడిచాయి. 2020 వేసవిలో ‘నిజం చెప్పండి’ అని రోజూ రాత్రి తొమ్మిదింటికి గర్జించిన చర్చావేదికలకు అది కొద్ది రోజుల వార్త. అపేక్షతో బ్రతికిన శోకానికి మాత్రం ఆ నివేదిక సమాధానం కాలేకపోయింది, ఎదురుచూసినది నిషాదుని పేరు కాబట్టి.